పట్నం చూసొచ్చిన మా పిల్లలు



మేము ఆసిఫాబాద్ వైపు గిరిజన బాలికల హాస్టల్ చూసుకునేవాళ్లం. పోయిన చలికాలంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 40 మందిని తీసుకుని మూడు రోజులు హైదరాబాద్ వెళ్లొచ్చాం. ఆ ముచ్చట నాలుగు మాటల్లో చెప్పమన్నారు.

కాగజ్‌నగర్‌లో రైలెక్కినప్పుడు పిల్లలు గోండీలో ఒకటే కబుర్లు. సికింద్రాబాద్‌లో దిగేసరికి గొంతులు తగ్గిపోయాయి. అంత జనం, అన్ని బండ్లు వాళ్లు ఎన్నడూ చూడలేదు. భయపడ్డారేమో అనుకున్నాం.

మొదటి రోజు గోల్కొండ. కాకతీయుల కాలంలో మట్టికోటగా మొదలై, తర్వాత కుతుబ్‌షాహీలకు రాజధాని అయిన కోట. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని చెబితే, సగం మంది పైకి పరుగెత్తారు, సగం మంది కింద చప్పట్లు కొట్టారు. మెట్లెక్కి అలసి కూర్చున్నాక ఒక పిల్ల అడిగింది: "మేడం, మన రాజులకు కోటల్లేవా?"

ఉన్నాయమ్మా అన్నాం. గోండు రాజులు చంద్రాపూర్ రాజధానిగా ఏలారని, ఆ కోటగోడలు నేటికీ నిలిచి ఉన్నాయని, మన ఉట్నూరులోనూ గోండు రాజుల కోట ఉందని చెప్పాం. చెప్పాం గానీ లోపల సిగ్గనిపించింది. పక్కనున్న ఆ కోటలు చూపించకుండా ఇంత దూరం తెచ్చామే అని.

రెండో రోజు 1591లో కట్టిన చార్మినార్ ఎక్కాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా నిలబడ్డాం. సాయంత్రం మెట్రో ఎక్కాం. ఎస్కలేటర్ మీద కాలు పెట్టడానికి జంకిన పిల్లలే రెండోసారికి మమ్మల్ని చెయ్యి పట్టి ఎక్కించారు. రైల్లో ఇద్దరు పిల్లలు గోండీలో మాట్లాడుకుంటుంటే పక్కనున్నాయన "ఇదేం భాష?" అని నవ్వాడు. చెడ్డ మనసుతో కాదు. అయినా పిల్లలు ఠక్కున తెలుగులోకి మారారు. కాసేపటికి ఒకామె మా చెవిలో అడిగింది: "స్టేషన్ పేరు ఇన్ని భాషల్లో చెబుతున్నారు, మన భాషలో చెప్పరా మేడం?" మా దగ్గర జవాబు లేదు.

మూడో రోజు మాసాబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియానికి వెళ్లాం. గుస్సాడీ టోపీ చూసి ఒక పిల్ల, "మా తాత ది ఇంట్లో దూలానికి వేలాడుతోంది, ఇక్కడ అద్దాల్లో పెట్టారేంటి?" అంది. అందరం నవ్వాం. వాళ్ల ఇంటి వస్తువు పట్నంవాళ్లు టికెట్ కొని చూసేంత విలువైనదని వాళ్లకు అక్కడే తెలిసింది.

అక్కణ్నుంచి ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధుణ్ని చూసి, గట్టు మీద కొమరం భీం విగ్రహం దగ్గరికొచ్చాం. ఏ నిజాంకు ఎదురు నిలిచి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడో, ఆ నిజాం పట్నంలోనే భీం నిలబడి ఉన్నాడు. జోడేఘాట్ దగ్గరి పిల్ల ఒకతి, వాళ్ల అవ్వ చెప్పిన భీం కథ గోండీలో మొదలుపెట్టింది. గొంతు తగ్గించలేదు. దారిన పోయేవాళ్లు ఆగి విన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆ పూట మేము ఆమెను ఆపలేదు. ఆపే అలవాటు మాకు ఉంది. అందుకే ఈ మాట మీ ముందు ఒప్పుకుంటున్నాం. హాస్టల్లో "తెలుగులో మాట్లాడండి, లేకపోతే చదువు రాదు" అని ఎన్నోసార్లు గద్దించాం. రైలు దిగగానే పిల్లల గొంతు తగ్గింది భయంతో కాదు, మేము నేర్పిన సిగ్గుతో. టీచర్ ట్రైనింగ్‌లో తల్లిభాషతో మొదలుపెట్టాలని చదివి వచ్చినవాళ్లమే మేము. అంతెందుకు, భీం పోరాటం తర్వాత ఆ నిజాం ప్రభుత్వమే హైమన్‌డార్ఫ్ దొరను మన దగ్గరికి పంపింది. 1940లలో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ పెట్టి, గోండీలో వాచకాలు రాయించారు. ఎనభై ఏళ్ల కిందట తెరిచిన ఆ తలుపును మేము మూశాం.

వచ్చాక ఒక చిన్న మార్పు చేశాం. శనివారం రాత్రి స్టడీ అవర్ తర్వాత ఒక గంట గోండీ, కొలామీ కథలకే. పరీక్షలకు తెలుగు, ఇంగ్లీషు కావాలి, అందులో తగ్గించలేదు.

పెద్దలను రెండే కోరుతున్నాం. కథ తెలిసిన అవ్వలు, తాతలు నెలకొకసారి హాస్టల్‌కు రండి, భోజనం మాతోనే. ఇక పిల్లలను పట్నం తీసుకెళ్లేవాళ్లు ముందు ఉట్నూరు కోట, జోడేఘాట్ మ్యూజియం చూపించండి. తనవాళ్ల కోట చూసి వెళ్లిన పిల్ల గోల్కొండ మెట్లు తలెత్తుకుని ఎక్కుతుంది.

జై సేవా.