ఎవరును లేని ఓడ

తెలియని సంగతి యనిన మనుష్యునకు ఎంత యిష్టమో! ఊరి చివర పాడుబడిన బంగళా గాని, అర్ధరాత్రి చెరువు గట్టుమీద కనబడిన వెలుగు గాని, ఎక్కడో సముద్రముమీద మాయమైన విమానము గాని, నలుగురు చేరినచోట ఆ ప్రస్తావన వచ్చినచో కాఫీ చల్లారునేగాని మాట చల్లారదు. మేము కొందరము మిత్రులము ఇట్టి వ్యసనము కలవారమే. మాలో నేరపరిశోధకులు లేరు, పండితులును లేరు. తీరిక దొరికినపుడు కూర్చుండి, లోకములో తేలక మిగిలిన చిక్కుముడులను విప్పజూతుము. విప్పినవి తక్కువ, మరింత బిగించినవి ఎక్కువ.

అయినను మాలో ఒక నియమము గలదు. ఎవడైనను ఒక ఊహ చెప్పినచో, ఆ ఊహవలన ఎవరిమీద నింద పడునో కూడ వెంటనే చెప్పవలెను. ఈ నియమము మాకు ఒక ఓడ కథ చదువునప్పుడు ఏర్పడినది. ఆ ఓడ పేరు మేరీ సెలెస్టు.

1872వ సంవత్సరము నవంబరు 7వ తేదీన అది న్యూయార్కు రేవు విడిచి ఇటలీలోని జెనోవా పట్టణమునకు ప్రయాణమయ్యెను. రెండు కొయ్యల తెరచాప ఓడ. సరుకు 1,701 పీపాల ముడి ఆల్కహాలు. త్రాగుటకు పనికివచ్చునది కాదు. కెప్టెను బెంజమిన్ బ్రిగ్సు దైవభక్తి గలవాడు, మద్యము ముట్టనివాడు, ఓడలో కొంత వాటాదారు కూడ. అతనితో భార్య సారా, రెండేండ్ల బిడ్డ సోఫియా బయలుదేరిరి. మేటు మొదలుకొని కళాసీల వరకు ఏడుగురు సిబ్బంది. వారిలో నలుగురు జర్మనులు. ఆ నలుగురిలో ఇరువురు లోరెన్సెన్ అను ఇంటి అన్నదమ్ములు. ఏడేండ్ల కుమారుడు ఆర్థరును మాత్రము బడి చదువుకై నాయనమ్మ యొద్ద విడిచిరి.

ఎనిమిది దినముల పిమ్మట అదే రేవునుండి దేయీ గ్రాషియా అను మరియొక ఓడ బయలుదేరినది. డిసెంబరు 4వ తేదీన, అజోరు దీవులకును పోర్చుగలు తీరమునకును నడుమ, దాని కెప్టెను మోర్‌హౌసు దూరమున ఒక ఓడ తడబడుచు వచ్చుట చూచెను. తెరచాపలు కొన్ని చినిగి, కొన్ని జారి ఉన్నవి. సంకేతములు చేసిన బదులు లేదు. మేటు ఆలివర్ డెవో పడవ వేసికొని వెళ్ళి ఎక్కి చూచెను. ఓడలో ఒక్క ప్రాణియు లేదు.

ఇక్కడ మనము కొంచెము నిలిచి, డెవో న్యాయస్థానములో ప్రమాణముచేసి చెప్పిన సంగతులను మాత్రమే చూడవలెను. ఓడ కడుపులో మూడున్నర అడుగుల నీరున్నది. అంత పెద్ద ఓడకు అది ప్రమాదము కాదు. రెండు పంపులలో ఒకటి విప్పబడి యున్నది. నీటి లోతు కొలుచు కడ్డీ పైతట్టుమీద పడియున్నది. సరుకు గదుల చిన్న మూతలు రెండు తెరచి యున్నవి; నడిమి పెద్ద మూత వేసియే యున్నది. ఓడకున్న ఒకే పడవ లేదు. క్రోనోమీటరు, సెక్స్టెంటు, ఓడ కాగితములు లేవు. దినచర్య పుస్తకమును, పలకయును మాత్రము మిగిలెను. పలకమీది చివరి వ్రాత నవంబరు 25వ తేదీ ఉదయము 8 గంటలది. అప్పుడు ఓడ అజోరులలోని శాంతామరియా దీవికి చేరువనున్నది. కనబడిన చోటు అక్కడికి సుమారు 400 నావిక మైళ్ళు. నడుపువాడు లేక తొమ్మిది దినములు అది నీటిమీద నడచినదన్నమాట.

ఆరునెలలకు సరిపోవు ఆహారమున్నది. కళాసీల చుట్టలపైపులున్నవి, వానకోట్లున్నవి. కెప్టెను గదిలో హార్మోనియమును బోలిన వాద్యమొకటి, కుట్టుమిషను, బిడ్డ బట్టలు ఉన్నవి. పరుపుమీద పిల్ల పండుకొనిన గుర్తు వలె ఒక పల్లము కనబడినదని డెవో చెప్పెను. ఈ యొక్క వాక్యము చదివినప్పుడెల్ల మా కూటములో మాట ఆగిపోవును.

మరి వేడి తేనీటి మాట? సగము తినిన ఫలహారము? పొగలు వెడలు వంటపొయ్యి? ఈ కథ విన్నవారందరును వీనిని తప్పక విని యుందురు. సాక్ష్యములో ఇవి లేవు. వండిన పదార్థమేదియు కనబడలేదనియే డెవో చెప్పెను. పొయ్యి తన చోటినుండి కదలి యుండెను. తొమ్మిది దినములు పొగలు చిమ్ము తేనీరు ఏ తేయాకుతో కాచిరో, తరువాతి రచయితలే చెప్పవలెను.

డెవోయును మరి యిద్దరు మనుష్యులును ఆ ఓడను జిబ్రాల్టరునకు నడిపి తెచ్చిరి. దిక్కులేని ఓడను రక్షించి తెచ్చినవారికి బహుమానమిచ్చుట సముద్ర ధర్మము. కాని అక్కడి అటార్నీ జనరలు ఫ్రెడరిక్ సాలీ ఫ్లడ్ గారికి బహుమానముకన్న నేరము ముందుగా కనబడినది. కళాసీలు ఆల్కహాలు త్రాగి, మత్తెక్కి, కెప్టెను కుటుంబమును చంపిరని ఆయన తలచెను. కెప్టెను గదిలో దొరికిన కత్తిమీది మరకలు నెత్తురనెను. ఓడ ముక్కుమీది గీతలు కావలెనని చేసినవనెను. వైద్యుడొకడు పరీక్షించి అది నెత్తురు కాదని చెప్పెను. ఆ నివేదికను ఆయన వెంటనే లోకమునకు తెలియనీయలేదు. షూఫెల్టు అను అమెరికా నౌకాదళపు కెప్టెను ఓడను చూచి, ముక్కుమీది గీతలు సముద్రపు తాకిడికి కొయ్య చివికి లేచినవేగాని మరియొకటి కాదనెను. కొందరు మోర్‌హౌసే దోపిడికాడనిరి. ఒక్క నేరమును రుజువు కాలేదు. కాని 1873 ఏప్రిలులో న్యాయస్థానము ఇచ్చిన బహుమానము 1,700 పౌనులు. ఓడ, సరుకుల వెలలో అది సుమారు ఐదవవంతు. అంత తక్కువ యిచ్చుటచేతనే అనుమానము తీరలేదని లోకమునకు తెలిసినది. ముగ్గురు మనుష్యులతో ఒక ఓడను చలికాలపు సముద్రముమీద గట్టు చేర్చిన డెవో, శేషజీవితమంతయు ఆ అనుమానపు నీడలోనే బ్రదుకవలసి వచ్చెను.

తరువాత కథకుల వంతు. 1884 జనవరిలో కార్న్‌హిల్ పత్రికలో రచయిత పేరు లేకుండ ఒక కథ వెలువడినది. వ్రాసినవాడు ఆర్థరు కానన్ డాయిలు. అప్పటికి ఇరువదినాలుగేండ్ల పేరులేని వైద్యుడు. ఓడ పేరును మారీ సెలెస్టుగా మార్చి, పడవ ఓడలోనే యున్నదని వ్రాసి, ప్రతీకారము కోరిన ఒకనిచే అందరిని చంపించెను. అది కథయని చెప్పి వ్రాసినదే. కాని చదివినవారు నిజమని నమ్మిరి. నేటికిని పలువురు ఓడ పేరు చెప్పునప్పుడు డాయిలు పెట్టిన పేరే చెప్పుదురు.

1913లో స్ట్రాండు పత్రికలో లిన్‌ఫర్డ్ అను ఉపాధ్యాయుడు, తన పాత సేవకుడు ఏబెల్ ఫాస్‌డిక్ విడిచిన కాగితములని కొన్ని ప్రకటించెను. వాని ప్రకారము కెప్టెను బట్టలతోనే సముద్రములోనికి దుమికి ఈతపందెము వేసెను, చూచుటకు అందరును ఒక చిన్న వేదికమీదికి చేరగా అది విరిగెను, సొరచేపలు మ్రింగెను. ఓడ బరువు 600 టన్నులని అందులో ఉన్నది. నిజమునకు అందులో సగమైన లేదు. కళాసీలందరు ఆంగ్లేయులట! తనతో ఒకే గదిలో నిద్రించినవారి దేశమును మరచిన సాక్షిని మేమింకెచ్చటను చూడలేదు.

రాక్షసి అష్టపాదియు, సముద్రభూకంపమును, విషపు రొట్టెయు, గ్రహాంతరవాసులును వరుసగా వచ్చిరి. బెర్ముడా త్రికోణము కూడ వచ్చినది. ఓడ దొరికిన చోటు దానికి మహాసముద్రము ఆవలి వైపు. ఈ ఊహలలో అష్టపాదిమీద మాకు కోపము లేదు. అది ఎవరి పరువునకును భంగము చేయదు. కాని జర్మను అన్నదమ్ములు హంతకులనియు, బ్రిగ్సు బీమాసొమ్మునకై కుట్ర పన్నెననియు, సారాకును మేటునకును ఏదో ఉన్నదనియు వ్రాసిన పుటలున్నవే, వానిని చదువుటకు ఆర్థరు బ్రదికి యున్నాడు. తల్లిని, తండ్రిని, చెల్లెలిని ఒకే దెబ్బతో పోగొట్టుకొనిన బాలుడు పెద్దవాడై, లోకము తన యింటివారితో ఆడుకొనుట చూడవలసి వచ్చెను. అన్నదమ్ముల తరపువారు జర్మనీనుండి వారి జాడకై విచారించిరి. సమాధి లేనివారికి కనీసము పేరైన శుభ్రముగ మిగులవలదా?

ఔత్సాహికులందరు ఇట్టివారే యని మా మాటకు అర్థము కాదు. బీమా వ్యాపారములో పనిచేసిన చార్లెసు ఎడీ ఫే అను పెద్దమనిషి, కోర్టు కాగితములు, ఉత్తరములు, ఓడ లెక్కలు ఓపికతో ప్రోగుచేసి 1942లో ఒక పుస్తకము ప్రకటించెను. అందులో రాక్షసులు లేరు. తరువాత ఈ విషయమున నిజాయితీగా వ్రాసిన ప్రతివాడును ఆ కాగితముల ఋణము తీర్చుకొనవలసినవాడే.

అయినచో ఏమి జరిగి యుండును? జెనోవాలో సరుకు దింపినప్పుడు తొమ్మిది పీపాలు ఖాళీగా కనబడినవి. కారిన ఆల్కహాలు ఆవిరియై ఓడ కడుపులో నిండి, ఏదో మంటయో ప్రేలుడో కలిగి, కెప్టెను భయపడి అందరిని పడవలోనికి దింపెనని పాతకాలమునుండి ఒక వాదము. మసి మరక యొకటియు లేదుకదా యని దానిని త్రోసివేసిరి. 2006లో లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రియా సెల్లా, ఓడ గదికి నమూనా చేసి, పీపాలకు బదులు కాగితపు ఘనములుంచి, బ్యూటేను వాయువును అంటించెను. పెద్ద మంట లేచి మూత ఎగిరినది. కాగితము మాత్రము కాలలేదు. కావున ఆ ఆక్షేపణ నిలువదు. అంతమాత్రమున అట్లే జరిగెనని కూడ చెప్పరాదు.

రెండవ వాదము పంపులది. 2007లో ఆన్ మాక్‌గ్రెగరు అను ఆమె ఒక చిత్రము తీయుచు, సముద్ర శాస్త్రజ్ఞుల సాయముతో ఆనాటి గాలులను, ప్రవాహములను లెక్కగట్టించెను. క్రోనోమీటరు తప్పుచూపుటచే బ్రిగ్సు తానున్నచోటు తానెరుగడని ఆమె తలంపు. పంపు పట్టివేసినది, ఓడ కడుపులో నీరెంతయో సరిగా తెలియదు, తుపాను వెంటాడి అలసిన మనుష్యులు, ఎదుట నేల కనబడినది. అప్పుడు పడవ దింపుటయే మేలని తోచియుండును. నీటిలో మునుగుచున్నదనుకొనిన ఓడ మునుగలేదు. పడవను ఓడకు కట్టిన త్రాడు తెగియుండును. తెరచాపలు గాలిపోసికొనిన ఓడను చేతితెడ్లతో ఎవరు పట్టుకొనగలరు?

ఓడకు కూడ మంచి మరణము దొరకలేదు. 1885 జనవరిలో గిల్మన్ పార్కరు అను కెప్టెను బీమాసొమ్మునకై దానిని హైతీ దగ్గరి రోషెలోయి దిబ్బమీదికి కావలెనని ఎక్కించెను. 2001లో నవలాకారుడు క్లైవ్ కస్లరు బృందము దాని శిథిలములు దొరకెనని ప్రకటించినది. ఆ కొయ్యలోని వలయములు లెక్కించి చూడగా, ఓడ మునిగిన పిమ్మట కూడ ఆ చెట్టు కొంతకాలము పెరుగుచుండెనని తేలినదట!

మాలో పంపుల పక్షమువారు నలుగురు, ఆవిరి పక్షమువారు ముగ్గురు. మూతలెందుకు తెరచిరని ఒకరు, పంపెందుకు విప్పిరని మరొకరు. 1872లో తంతిలేని వార్త లేదు. ఆ పడవనుండి ఎవరు పిలిచినను విను పెట్టె ఏ యింటను లేదు. మిగిలినదంతయు నీటి లోతు కొలిచి, ఎవరో తొందరలో పైతట్టుమీద విడిచిన ఆ కడ్డీ యొకటి.