యంత్రభాగములపై పాతరంగు తొలగించు విధానము
(మరిపెడలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)

 

పెద్దలు విద్యనుగూర్చియు, సంఘైక్యమునుగూర్చియు ప్రసంగించిన ఈ వేదికనుండి నేనొక చిన్నపనినిగూర్చి మనవి చేయ ననుమతి వేడుచున్నాను. యంత్రమునకు కొత్తరంగు వేయుటకు ముందు పాతరంగును తీయుటయే యా పని. దీనిని చిన్నపని యని తలచి, నేర్పరియైన పనివాడు చేయక, కొత్తగా చేరిన కుఱ్ఱవానికి అప్పగించుట మన దుకాణములలో పరిపాటియైనది. కీడంతయు నచ్చటనే పుట్టుచున్నది.

మన వృత్తి మారినది. నాగలికఱ్ఱు సాగగొట్టిన కొలిమి ప్రక్కనే నేడు ట్రాక్టరు భాగములు, నూనెయింజనులు, నీటిపంపులు బాగుపడుచున్నవి. పూర్వము వరంగల్లు జిల్లాలోనుండి 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ మరిపెడ, వరంగల్లు–ఖమ్మము రహదారిమీద నున్నది. ఇట్టి రహదారి యూళ్లలో మరమ్మతు దుకాణములు పెక్కు కుటుంబములకు జీవనాధారములు. వృత్తి మారినను దాని మూలసూత్రము మారలేదు: లోహము నెఱిగి పనిచేయవలయును.

మొదట రంగును తీయవలసినదా కాదా యని చూడుడు. పాతపూత గట్టిగా నంటుకొనియున్నచో దానిని కొంచెము గరుకు చేసి, మీద కొత్తరంగు వేయవచ్చును. పెచ్చులు లేచి, క్రింద తుప్పు ప్రాకినచో పూర్తిగా తీయవలసినదే. లేనిచో పాతపెచ్చుతోపాటు కొత్తరంగును రాలిపోవును. తీయుటకు ముందు చమురుమడ్డిని కిరసనాయిలుతో, పిమ్మట సబ్బునీటితో కడుగవలయును. జిడ్డుమీద బురుసుతో రుద్దినచో జిడ్డు పోత యినుము రంధ్రములలోనికి చొచ్చును. ఈ పనికి పెట్రోలు వాడరాదు. దాని యావిరి దూరముననున్న నిప్పునుగూడ నందుకొనును.

తరువాత భాగములను విడదీసి లోహమునుబట్టి వేరుచేయుడు. అయస్కాంతము పోత యినుమునకును, మామూలు ఉక్కునకును అంటుకొనును. అల్యూమినియమునకును, ఇత్తడికిని అంటదు. ఈ పరీక్ష కొక నిమిషము చాలును. చేయనిచో భాగమే పోవచ్చును.

ఏలయన, ఇనుపభాగముల రంగు తీయుటకు కాస్టిక్ సోడానీరు మంచిది, చవుకయైనది. పదిలీటర్ల నీటికి ఒక కిలోకు మించకుండ సోడాను కలిపి, ఇనుపతొట్టిలో గాని గట్టి ప్లాస్టికు తొట్టిలో గాని భాగమును రాత్రియంతయు నాననిచ్చినచో రంగు మెత్తబడి యూడివచ్చును. నీటిలో సోడాను కొంచెము కొంచెముగా వేయవలయునే కాని సోడాపై నీరు పోయరాదు. పోసినచో నొక్కసారిగా వేడి పుట్టి పైకి చిమ్మును. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు లేకుండ దీనిదరికి పోరాదు. సున్నము కంట బడిన బాధ మన మెఱుగుదుము. ఇది దానికంటె తీక్ష్ణమైనది. తీసిన భాగమును సమృద్ధిగా నీటితో కడిగి, ఆరబెట్టి, వెంటనే ప్రైమరు పూయవలయును. మరునాటికి వాయిదా వేసినచో తుప్పు మరల మొలచును.

అదే సోడానీటిలో అల్యూమినియపు పంపును గాని పిస్టనును గాని వేసినచో లోహమే కరగిపోవును. మండెడు హైడ్రోజను వాయువు బుడగలుగా లేచును. సోడాతో తోమిన సత్తుగిన్నె నల్లబడుట మన స్త్రీలందఱెఱిగినదే. కావున అల్యూమినియమునకు కఱ్ఱగీరుడుచెక్క, మెత్తని బురుసు, సబ్బునీరు తగినవి. గాస్కెట్టు కూర్చుండు ముఖముపై గ్రైండరు పెట్టరాదు. అచ్చట నొక్క గీత పడినను చమురు కారును.

మంటతో రంగును కాల్చుట మఱియొక దురభ్యాసము. స్ప్రింగులకు, పండ్లచక్రములకు పెట్టిన పాయనము మంటతో పోవును. పోత యినుము పగులును. పాయనమువిలువ కమ్మరికి వేఱుగా చెప్పనేల?

ఇక ఇసుకను గాలితో కొట్టి రంగు తీయుట. దానివలన లేచు సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి మానని రోగమును కలిగించును. ఈ పనికి సిలికా యిసుకను వాడరాదని బ్రిటనులో 1949లోనే నిబంధనలు చేసిరి. వేఱు రవ్వ వాడినను యంత్రపు రంధ్రములన్నియు గట్టిగా మూయవలయును. లోపల చిక్కిన రవ్వ బేరింగులను తినివేయును.

డబ్బాలలో అమ్ము రంగుతీయు ద్రవములు కొన్నింటిలో మెథిలీన్ క్లోరైడు కలదు. దాని యావిరి గాలికంటె బరువై పల్లపుచోట్ల నిలుచును. శరీరములో చేరి కార్బన్ మోనాక్సైడుగా మారును. అమెరికా పర్యావరణ రక్షణసంస్థ 2024లో దాని వాడుకలలో పెక్కింటిని నిషేధించినది. డబ్బామీది వ్రాత చదువక మూత తీయకుడు; మూసినగదిలో నెన్నడును వాడకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. పాతరంగులలో సీసము కలదు. తుప్పు నాపుటకు పూసిన ఎఱ్ఱని సీససిందూరము, పసుపు నారింజ వన్నెల నిచ్చు సీసక్రోమేటు ఈ జాతివే. మన దేశములో 2016లో చేసి, 2017 నవంబరు 1నుండి అమలుపఱచిన నియమములు పదిలక్షలకు 90 పాళ్లకు మించి సీసముండరాదని చెప్పినవి. కాని యవి యిండ్లకును అలంకారమునకును వాడు రంగులకే. యంత్రముల రంగులు వాని పరిధిలో లేవు. కావున పొడిగా శాండు కాగితముతో రుద్దినప్పుడు లేచు ధూళిని విషమనియే యెంచవలయును. ముక్కునకు కట్టిన రుమాలు దాని నాపజాలదు. తడిపి రుద్దవలయును, సన్నధూళిని వడగట్టు ముసుగు ధరింపవలయును. అదే బట్టలతో నింటికి పోయి బిడ్డ నెత్తుకొన్నచో ధూళి బిడ్డకు చేరును. సీసము ఇంత మాత్రము హానిలేదని చెప్పదగిన పరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అది పసిపిల్లల మెదడుయొక్క ఎదుగుదలను చెఱచును. బిడ్డల చదువుకొఱకు రాత్రింబవళ్లు కష్టపడు తండ్రి, ఆ చదువునకు మూలమైన బుద్ధినే తన చొక్కామీది ధూళితో హరించుట యెంత విచారకరము!

కావున ఈ సభవారికి మూడు విన్నపములు. ఈ పనిని పిల్లలచేత చేయింపకుందుము. దుకాణములోనే చేతులు ముఖము కడిగి, పనిబట్టలు విడిచి యింటికి పోవుదుము. ఆ బట్టలను వేఱుగా నుతుకుదుము. గీరిన పెచ్చులను, సోడానీటిని బావిదరిని గాని మిరపచేల కాలువలలో గాని పోయక, మూతగల డబ్బాలలో వేఱుగా నుంచి, సంఘముద్వారా అధికారులతో మాటలాడి పారవేయు మార్గము నేర్పఱచుకొందుము.

వీనికి వ్యయమగునందురా? అగును. అందుచేత రంగు తీయుటకు కూలిని లెక్కలో వేఱుగా వ్రాసి యడుగవలయును. పైరంగు మాత్రమే చూచు రైతుసోదరునకు క్రిందిపని చూపి చెప్పినచో కాదనడు. అడుగుటకు సంకోచించి మన మూపిరితో నా మూల్యమును చెల్లించుట న్యాయము కాదు.