మత్తునకు లోనైన మన బిడ్డలు



గంజాయి మాట మన యిండ్లలో నెవరును పైకి దీయరు. పిల్లవాడు పోలీసువారికి జిక్కిన పిదపనే తండ్రి సంఘపెద్దల గుమ్మమెక్కి జామీను వేడును. అంతకుముందే రండని మా మనవి. 14446 సంఖ్యకు టెలిఫోను చేసినచో చికిత్సా కేంద్రముల వివరములు ఉచితముగ దెలుపుదురు.

చిక్కినవానికిని దారి లేకపోలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున 64-ఎ యను విధి కలదు. వ్యసనపరునిపై వాడకపు నేరముగాని, స్వల్ప పరిమాణపు నేరముగాని మోపబడినను, అతడు స్వచ్ఛందముగా ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయమున జేరి చికిత్స పొందెనేని ప్రాసిక్యూషనుకు గురికాడు. గంజాయి విషయమున స్వల్పమనగా కిలోకు తక్కువైనది. అయితే ఈ రక్షణ దానంతట రాదు, న్యాయస్థానమున గోరవలెను. చికిత్స నడుమ విడిచినచో దీనిని తొలగింపవచ్చును.

నడుమ విడుచుట యేల సంభవించును? ఇంటివారు సిగ్గుపడి చూడబోరు, తిరిగివచ్చినవానికి చోటుండదు. మన విద్యార్థి వసతిగృహమే అట్టి బాలు నొకనిని వెళ్లగొట్టినది. అప్పుడు మేమును మౌనము వహించితిమి. (సభలో జెప్పుకొన దగిన మాట కాదు, అయినను జెప్పితిమి.)

ఆ బహిష్కార నిబంధనను రద్దుచేసి, చికిత్స పొందువాని వెంట ఒక పెద్దను నియమింపవలెనని నేటి సాయంకాలము తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. ప్రయాణవ్యయమునకు సంఘనిధి చాలదు. వదాన్యు లాలోచింతురు గాక.