నగరవాసులును విద్యుత్ మోటారు సైకిళ్ళును



గ్రామములయందు పెద్దలైన మీకు నగరపు మోటారు సైకిళ్ళతో నేమి ప్రసక్తి యని కొందఱు శంకింపవచ్చును. ప్రసక్తి కలదు. హైదరాబాదులో నున్న కుమారుడో, తమ్ముని కొడుకో, "పెట్రోలు బండి నమ్మివేసి కరెంటు బండి కొనెదను, కొంత సొమ్ము సర్దండి" అని యడుగు కాలము వచ్చినది. అవుననుటకైనను, కాదనుటకైనను విషయము తెలిసియుండవలెను గదా! తెలియక కాదనినవారిలో నేనొకడను. ఆ సంగతి పిదప మనవి చేసెదను.

నగరవాసులు ఈ బండ్లవైపు మొగ్గుటకు మొదటి కారణము వ్యయము. హైదరాబాదులో లీటరు పెట్రోలు వెల 2021 జూన్ నెలలో 100 రూపాయలు దాటినది. 100 కిలోమీటర్లు పోవుటకు సామాన్యమైన మోటారు సైకిలునకు సుమారు 2 లీటర్లు వలయును. విద్యుత్ బండికి ఇంటి దీపములను వెలిగించు కరెంటే 4 యూనిట్లు చాలును. దాని ఖర్చు సుమారు 40 రూపాయలకు లోపే. అంతియ కాదు. నగరపు కూడలులలో బండ్లు పలుమాఱు నిలువవలసివచ్చును. పెట్రోలు యంత్రము, కట్టుకొయ్యకడ నిలిచి దాణా తిను గుఱ్ఱమువలె, ఆగియున్నను పెట్రోలు త్రాగుచునే యుండును. విద్యుత్ మోటారు చక్రము తిరుగునప్పుడే శక్తిని గైకొనును. కావున రద్దీ హెచ్చినకొలది దీని లాభమును హెచ్చును.

రెండవది ప్రభుత్వపు ప్రోత్సాహము. 2019లో కేంద్రప్రభుత్వము ఫేమ్ రెండవ పథకము నారంభించి, అదే సంవత్సరము ఆగస్టులో ఈ బండ్లపై జీఎస్టీని 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గించినది. 2021లో సబ్సిడీ పరిమితిని బండి వెలలో 40 శాతము వఱకు పెంచి, 2023 జూన్‌లో దానిని 15 శాతమునకు కుదించినది. ఆ మే నెలలో దేశమందంతట లక్షకు పైగా అమ్ముడుపోయిన బండ్లు జూన్‌లో సుమారు సగమునకు దిగినవి. దీనివలన నేమి తెలియుచున్నది? నెలనెలా మిగులు సొమ్ముకంటె కొనునాటి వెలయే కొనువాని మనస్సును శాసించుచున్నది. చేతిలో రొక్కము లేనివానికి రేపటి లాభము కనబడినను అందదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో వీనికి రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది.

మూడవది గతానుగతిక న్యాయము. పొరుగువాడు కొని యొక వర్షాకాలము నడపినపిదప ఆతని మాటకు గల బలము ప్రకటనకు లేదు.

ఇక నా సంగతి. నా తమ్ముని కుమారుడు హైదరాబాదులో భోజనపు పొట్లములను ఇండ్లకు చేరవేయు పనిలో నున్నాడు. దినమునకు 100 కిలోమీటర్లు తిరుగును. 2022లో ఆతడు "పెదనాన్నా, విద్యుత్ బండికి సొమ్ము సర్దండి" అని యడిగెను. ఆ యేప్రిల్ నెలలో నిజామాబాదునందును, విజయవాడయందును ఇంటిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణనష్టము జరిగియుండెను. పత్రికలో చదివిన నేను భయపడి వలదంటిని. ఆతడు ఎదురాడలేదు.

2024లో ఆతని గదికి పోగా, పెట్రోలు లెక్కలు వ్రాసికొన్న పుస్తకమును నా చేతికిచ్చెను. రెండేండ్లలో అధికముగా వ్యయమైన సొమ్ము ఒక బండి వెలకు సమీపించినది. ముప్పదియేండ్లు పిల్లల లెక్కలు దిద్దిన నేను తలవంచుకొంటిని. నా భయము నిరాధారము కాదు; ఆ ప్రమాదముల పిదపనే ప్రభుత్వము బ్యాటరీల పరీక్షలను కఠినపఱచి, 2022 డిసెంబరునుండి క్రమముగా అమలు చేసినది. కాని భయపడి, పిమ్మట విచారింపక యుండుట నా దోషము.

సొమ్మిచ్చినను మఱియొక చిక్కు మిగిలెను. ఆతని అద్దెగది మూడవ యంతస్తులో నున్నది. బండి నిలుచునది క్రింద. ఇంటి యజమానితో మాటలాడి, మా ఖర్చుతో క్రింద వేఱుగా మీటరును, ప్లగ్గును పెట్టించుటకు ఒప్పించితిని. ఆ తరువాతనే బండి వచ్చినది.

కావున మీ పిల్లలు అడిగినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. దినమునకెంత దూరము తిరుగుదువు? పది కిలోమీటర్లే యైన, ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగివచ్చుటకు ఏండ్లు పట్టును. ఛార్జింగు ఎక్కడ పెట్టుదువు? బ్యాటరీకి ఎన్నేండ్ల హామీ వ్రాతపూర్వకముగా నిచ్చుచున్నారు? బండి వెలలో పెద్దభాగము దానిదే సుమా. చెడినచో బాగుచేయువారు దగ్గఱలో నున్నారా? మఱియు, పరుండు గదిలోను, గుమ్మముకడను బ్యాటరీకి ఛార్జింగు పెట్టవలదనియు, బండితో నిచ్చిన ఛార్జరునే వాడవలెననియు గట్టిగా చెప్పుడు.

మన మాటను జవదాటని పిల్లలుండుట మన భాగ్యము. అట్టి పిల్లలకు విచారింపని మాట చెప్పరాదని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. సెలవు.