ఎత్తు పెంచిన జీపు

ఆలమూరు ప్రక్కన గౌతమి ఇసుకలోనికి దిగు జీపునకు ఎత్తొక్కటే చాలదు. 1947 తరువాత మహీంద్రావారు మనదేశమున బిగించిన విల్లీస్ జీపుల ముందు ఇరుసు కమానులపై నిలుచును. కొందరు ఎత్తైన కమానులు వేయించి, షాక్ అబ్సార్బరులను పాతవే ఉంచుదురు. చిక్కంతయు అచ్చటనే! బండి లేచినంత మేర ఆ గొట్టము ముందే సాగిపోవును. చక్రము గుంటలోనికి దిగబోగా సాగుటకిక చోటుండదు. చక్రము గాలిలో వ్రేలాడును, పట్టు పోవును.

పొడవైనవి వేయింపుడు. మరీ పొడవైనచో చక్రము పైకెగసినపుడు అవి అడుగంటి చెడును. అంతకుముందే రబ్బరుదిమ్మ ఇరుసును ఆపవలెను. అన్నిటికంటె నాకు భయము బ్రేకుగొట్టమును గూర్చియే. వ్రేలాడు చక్రము దానిని లాగి తెంపినచో బ్రేకులే యుండవు. జాకీపై చట్రమునెత్తి, చక్రములను పూర్తిగా వ్రేలాడదీసి, గొట్టము వదులుగా నున్నదో లేదో చూచిన పిమ్మటనే రేవు దిగుడు.