పండుగ పిండివంటలు – పొరుగు వాకిలి

(గాంధారి సంఘమున ఆగమనకాలపు కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)

 

క్రిస్మసు దగ్గర పడినది. స్త్రీల మైత్రి వారు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఈసారి వాక్యముతోపాటు పండుగకు ఇంట చేసికొను తీపి వంటలను గూర్చియు నాలుగు మాటలు చెప్పండి" అని అడిగిరి. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు భాష నేర్పిరి గాని పాకము పట్టుట నేర్పలేదు. అది మా తల్లిగారి పొయ్యి దగ్గర కూర్చుండి చూచినదే. కనుక తప్పులున్నచో పెద్దమ్మలు దిద్దవలెను.

మన ప్రాంతమున పండుగ అనగా మొదట బెల్లము. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తి అయిన పిమ్మట ఈ వైపున చెరకు విస్తరించినది. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015లో మూతబడినది. గానుగ ఆడించి బెల్లము వండు రైతులు మాత్రము మన చుట్టుపట్ల ఎప్పుడును ఉన్నారు, కామారెడ్డి బజారు బెల్లమునకు పేరుపడినది. నూరు కిలోల చెరకు ఆడించి రసము కాచినచో పది కిలోల చిల్లర బెల్లము దిగును. కొనునప్పుడు తెల్లగా మెరయు గడ్డను చూచి మోసపోవద్దు. రంగు తేలుటకు మందు కలుపువారున్నారు. అరిసెకు కావలసినది కొంచెము ముదురు రంగు గల పాత పద్ధతి బెల్లము.

అయితే నల్లబెల్లము అనగానే మన ఊళ్లలో అందరికి అరిసె గుర్తుకు రాదు, గుడుంబా గుర్తుకు వచ్చును. 2015లో తెలంగాణ ప్రభుత్వము గుడుంబా మాన్పింప పూనుకొన్న తరువాత నల్లబెల్లముపై కట్టుదిట్టములు హెచ్చినవి. అయిదు కిలోలు అడిగినచో దుకాణదారు ముఖము చూచి "ఎందుకు?" అని అడుగు దినములు వచ్చినవి. మేమే ఒకసారి "క్రిస్మసుకు, పాస్టరు గారి యింటికి" అని చెప్పుకొనవలసి వచ్చినది. ఆయన నమ్మెనో లేదో మాకు తెలియదు. ఒకే బెల్లము ఒక యింట పిల్లల చేతిలో అరిసె అగుచున్నది, మరియొక యింట కుండలో పులిసి పిల్లల అన్నము తినివేయుచున్నది. మన సంఘములోని యిండ్లును ఇందుకు మినహాయింపు కావు. మీకును తెలియును, మాకును తెలియును.

ఇక అరిసె సంగతి. కొత్త బియ్యము ఒక రాత్రి, ఒక పగలు నానవలెను. నడుమ నీళ్లు మార్చుడి, లేనిచో వాసన పట్టును. నీళ్లు వంచి, బట్టపై కొంచెము ఆరనిచ్చి, తడి పోకముందే దంచవలెను. ఇప్పుడు గిర్నికి పంపుచున్నారు, మంచిదే. కాని పిండి ఎండకుండ మూత వేసి తెచ్చుకొనుడి. కిలో బియ్యమునకు ముప్పావు కిలో బెల్లము చాలును. బెల్లము కరిగించి, వడగట్టి, మరల పొయ్యిమీద పెట్టుడి. చుక్క నీళ్లలో వేసినచో కరగిపోరాదు, గట్టి రాయి కారాదు. వ్రేళ్లతో చేర్చిన మెత్తని ఉండ కావలెను. ఆ క్షణమున పొయ్యి దించి పిండి పోయవలెను. మొదటి ఏడు మా యింటివారు పాకము చూచుచుండగా ఎవరో ప్రార్థనకై వాకిట పిలిచిరి. మేమే వెళ్లి రావచ్చును గాని ఆమెనే పంపితిమి. తిరిగి వచ్చుసరికి పాకము ముదిరినది. ఆ అరిసెలతో గోడకు మేకు కొట్టవచ్చును! నువ్వులు అద్ది, నూనెలో వేసి, తీసిన వెంటనే రెండు చెక్కల నడుమ ఒత్తుట మరువకుడి.

గరిజెలు మీరు మాకంటె బాగుగా చేయుదురు, కనుక చెప్పము. గులాబీ పువ్వులకు మాత్రము ఒక మాట. ఇనుప అచ్చు ముందుగా నూనెలో బాగుగా కాగవలెను. పిండిలో ముప్పావు భాగమే ముంచవలెను. అచ్చు పూర్తిగా మునిగినచో పువ్వు ఊడి రాదు.

కేకునకు ఓవెను లేదని విచారింపనక్కర లేదు. ఒక పెద్ద గిన్నెలో రెండంగుళముల ఇసుక పోసి, పొయ్యిమీద కాగనిచ్చి, దానిలో నూనె రాచిన చిన్న గిన్నెను దించుడి. మూత మీద నిప్పులు పేర్చుడి, ఏలయనగా వేడి క్రిందనుండియే కాదు, పైనుండియు రావలెను. గ్రుడ్లు ఎంతసేపు గిలకొట్టినచో కేకు అంత పొంగును. పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకున్న అయినట్టే. నడుమ నడుమ మూత తీసి చూచు తొందర మగవారిది. వారిని దూరముగా నుంచుడి.

కేకు దొరల వంట అని కొందరందురు. నిజమే గాని, ఈ దేశమున అది నల్ల చేతులలోనే తయారైనది. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను బేకరీవాడు ఒక తోటల దొర తెచ్చిన కేకు రుచి చూచి, స్థానిక సరకులతో క్రిస్మసు కేకు చేసి ఇచ్చెనని చెప్పుదురు. చేసినవాడు క్రైస్తవుడు కాడు, తిన్నవాడు క్రైస్తవుడు. ఎవరి చేతి వంట ఎవరు తిందురు అను ప్రశ్నకే మేము వచ్చుచున్నాము.

మా చిన్నతనమున, 1990 ప్రాంతమున, క్రిస్మసు ఉదయము మా అమ్మగారు స్టీలు పళ్లెములో ఎనిమిది అరిసెలు పెట్టి, కుట్టుపని చేసిన రుమాలు కప్పి, మా చేతికిచ్చి ఊరిలోని ఒక యింటికి పంపిరి. ఆ యింటి ఆమె నవ్వుచు, "అక్కడ పెట్టు బిడ్డా" అని కొట్టపు అరుగు చూపిరి. దసరాకు వారు మాకు ఎప్పుడును బియ్యము, బెల్లము పచ్చివే ఇచ్చెడివారు. మరుసటి దినము పళ్లెము తెచ్చుకొనుటకు వెళ్లినప్పుడు అరిసెలు ఎడ్ల గాటిలో కనబడినవి. మేము అమ్మకు చెప్పలేదు. పళ్లెము కడిగి తెచ్చితిమి. మరుసటి ఏడు ఆమె మరల ఎనిమిది అరిసెలు పెట్టిరి.

ఇప్పుడు కాలము మారినది. కామారెడ్డి బేకరీనుండి అట్టపెట్టెలో తెచ్చిన కేకు ఏ యింటికి తీసికొనిపోయినను సంతోషముగా కోయుచున్నారు, ఫోటోలు దిగుచున్నారు. అందుకు దేవునికి స్తోత్రము. అయినను ఆలోచింపుడి: ఆ పెట్టెలోని కేకు ఎవరు కలిపిరో ఎవరికి తెలియదు, కనుక ఎవరికి అభ్యంతరము లేదు. మన చేతి అరిసెను అదే సంతోషముతో తినుచున్నారా? కొన్ని యిండ్లలో తినుచున్నారు, మేము కన్నులార చూచితిమి. కొన్ని యిండ్లలో ఇంకను అరుగే.

పొరుగువారిని మాత్రమే అననేల? మన తాతలు మాలవాడనుండియు మాదిగవాడనుండియు వచ్చినవారే. తండాలనుండి వచ్చిన సహోదరులును మనతో ఒకే బల్ల యొద్ద మోకరించుచున్నారు. ప్రభురాత్రి భోజనములో ఒక గిన్నెలో త్రాగిన మనము, ఆ మధ్యాహ్నము ఈ వాడ వంట ఆ వాడలో తినుచున్నామా? అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలసి తిని, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు జరిగెను. పౌలు అతనిని అందరి యెదుట నిలదీసెను. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము ఇంటికి వెళ్లి చదువుకొనుడి. అంత పెద్ద అపొస్తలుడే పళ్లెము దగ్గర తడబడెను.

నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఎజ్రా ధర్మశాస్త్రము చదువగా జనులు ఏడ్చిరి. ఏడ్వవద్దు, మంచి భోజనము చేసి మధురమైనది త్రాగుడి అని వారికి చెప్పబడెను. అంతటితో ఆగలేదు: ఏమియు సిద్ధపరచుకొనని వారికి భాగములు పంపవలెనని ఆజ్ఞ. తీపి వంట మన యింట ఉండుట ఒక పాలు, అది గడప దాటుట రెండవ పాలు.

మన పెద్దలు పుచ్చుకొన్నవారు. మెదకు దేవాలయము కట్టునప్పుడు కరువు దినములలో పోస్నెట్ దొరగారు జనులకు పని చూపి అన్నము పెట్టిరి. 1924 డిసెంబరు 25న ఆ గుడి ప్రతిష్ఠ జరిగినది. నూరేండ్లు గడచినవి. ఇంకను చేయి చాచుటయే మన వంతు అని తలంచువారు సంఘములో ఉన్నారు. మా అమ్మగారు ఆ పళ్లెముతో అట్లు తలంపలేదు.

కనుక పెద్దలతో మాటలాడి ఒక ఏర్పాటు చేసితిమి. డిసెంబరు 22న గుడి ఆవరణలో రెండు పొయ్యిలు పెట్టెదము. ప్రతి యింటినుండి సోలెడు బియ్యము తెచ్చి ఒకే గంగాళములో పోయవలెను. ఆ తరువాత ఏ యింటి బియ్యము ఏదియో ఎవరును చెప్పలేరు. బెల్లము ఖర్చు సంఘము భరించును. అన్ని వాడల స్త్రీలును, తండా అక్కలును ఒకచోట చేయి వేయవలెను. కట్టెలు కొట్టుట, నిప్పులు పట్టుట మగవారి పని. మొదటి పళ్లెములు పండుగ చేసికొనలేని యిండ్లకు పోవును. గుడుంబాతో చితికిన యిండ్లును అందులో ఉన్నవి, ఎవరును నోరు చేసికొనరాదు. తరువాత పొరుగు హిందూ, ముస్లిము యిండ్లకు పిల్లలు కాదు, మనమే తీసికొనిపోవుదము. పుచ్చుకొందురో, అరుగు చూపుదురో వారి యిష్టము.

బియ్యము 21వ తేదీ తెల్లవారుజామున నానబోయవలెను. అరిసె చెక్కలు ఎవరి యింట ఉన్నవో ఇప్పుడే చెప్పుడి. మా యింటివి ఒకటి విరిగినది.