పెరటిలో అరడజను కోళ్ళు: క్రొత్తవారి భయములు
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను బోధించునది సేద్యశాస్త్రము. వరి, వేరుశనగ, అపరాలు, ఇవి నా పాఠములు. అయినను గ్రామములకు వచ్చినప్పుడు పైరులను గూర్చి అడిగినంతగా పెరటిని గూర్చియు నన్ను అడుగుచుందురు. ఇటీవల తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, అమ్మకమునకు కాదు, ఇంటి ముచ్చటకు నాలుగైదు రకముల కోళ్ళు తెచ్చుకొందమని పిల్లలు పోరుచున్నారు. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి నాటుది. మేము ఎన్నడును పెంచినవారము కాము. ఒకదానినొకటి పొడుచుకొని చచ్చునేమోనని భయముగా నున్నది" అని.

ఈ భయము నవ్వి త్రోసివేయదగినది కాదు. తాతల నాడు ప్రతి ఇంట కోడిగంప ఉండెడిది. ఆ విద్య ముసలమ్మల చేతిలో ఉండెడిది. ఇప్పుడు చాల ఇండ్లలో గంపయు లేదు, చెప్పు ముసలమ్మయు లేదు. పదెకరముల వరి చేనిలో ఆకు రంగు చూచి ఎరువు చెప్పగల రైతు కూడ కోడిపెట్టను చేతబట్టుటకు జంకుట నేను చూచుచున్నాను. కోడి చిన్న ప్రాణి. పొరపాటు జరిగిన దిద్దుకొనుటకు వ్యవధి నీయదు. పిల్ల పేరు పెట్టి పిలుచుకొన్న పెట్ట ఒక ఉదయము గూటిలో పడియున్న యెడల ఆ ఇంట మరల పదేండ్లు కోడి మాట ఎత్తరు.

కావున ఈనాడు నేను చెప్పదలచినది ఒక్కటే. భయపడుట మంచిదే గాని, భయపడవలసిన చోట భయపడవలెను. క్రొత్తవారు కోళ్ళ పోట్లాటకు భయపడుదురు. అది కంటికి కనబడును, కొన్ని దినములలో చల్లారును. తెగులునకు భయపడరు. అది వచ్చువరకు కంటికి కనబడదు, వచ్చిన తరువాత గూడు ఖాళీ చేసి పోవును.

పోట్లాట సంగతి

నార్వే దేశమున షెల్డెరుప్ ఎబ్బె అను ఆయన చిన్ననాటి నుండి కోళ్ళను గమనించి, వాటి నడవడిని గూర్చి 1922లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన చెప్పిన దేమనగా, ప్రతి కోళ్ళ గుంపులోను పెద్ద చిన్న వరుస ఒకటి ఉండును. మొదటి పెట్ట అన్నిటిని పొడుచును. రెండవది మొదటిదానిని తప్ప మిగిలినవాటిని పొడుచును. చివరిది ఎవరిని పొడువదు. విందు బంతిలో ఎవరెక్కడ కూర్చుండవలెనో తేలువరకు కొంత గొణుగుడు ఉన్నట్లే, క్రొత్త కోళ్ళు ఒకచోట చేరినప్పుడు ఈ వరుస తేలువరకు తరుముట, ముక్కుతో పొడుచుట తప్పదు. సాధారణముగా ఒకటి రెండు వారములలో సర్దుకొనును. ఒకసారి వరుస ఏర్పడిన తరువాత పోట్లాట తగ్గును. మీరు మధ్యలో చొరబడి బలహీనమైనదానిని మాటిమాటికి ఎత్తుకొని పోయినచో వరుస తేలక జగడము పొడిగింపబడును.

మీరు చూడవలసినది ఒక్క గుర్తు. ఈకలు లేచిన ఫరవాలేదు, రక్తము కనబడరాదు. ఎర్రని రంగు చూచిన మిగిలిన కోళ్ళు అక్కడనే పొడుచును. రక్తము కనబడిన వెంటనే ఆ కోడిని వేరుచేసి, గాయము కడిగి, మానువరకు విడిగా నుంచవలెను.

వరుసలో చివరిదానికి కలుగు అసలు నష్టము పోటు కాదు, పస్తు. ఒకే మూకుడులో మేత వేసిన పెద్దవి దానిని దగ్గరకు రానీయవు. కావున మేత రెండు చోట్ల, నీరు రెండు చోట్ల, ఒకచోట నుండి మరియొకటి కనబడనంత దూరమున పెట్టవలెను. ఈ చిన్న ఏర్పాటుతో సగము జగడము అణగును.

ఏ రకములు కలియును?

ముచ్చటకు పెంచువారు పలు రంగులు కోరుట సహజము. రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకములు క్రొత్తవారికి అనుకూలమైనవి. వనరాజా బరువైన శరీరము గలది, నిదానమైనది, ఏడాదికి సుమారు 100 నుండి 110 గ్రుడ్లు పెట్టును. గ్రామప్రియ గ్రుడ్ల కొరకు రూపొందించినది. 72 వారముల వయస్సు వచ్చునప్పటికి 160 నుండి 180 గ్రుడ్ల వరకు ఇచ్చును. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లకు మించి పెట్టదు గాని, పొదుగుటలోను, పిల్లలను సాకుటలోను దానికి సాటి లేదు. నల్లనిది కావలెనన్న కడక్‌నాథ్ కలదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పందెపు జాతియైన అసీల్‌ను మాత్రము ఈ గుంపులో కలుపకుడు. దాని అందము కాదనరానిది. కాని పోరాటము దాని పుట్టుకలోనే ఉన్నది, పెట్టలు కూడ ఇందుకు మినహాయింపు కావు. నిదానమైన వనరాజా దాని ముందు నిలువలేదు.

గ్రుడ్లకు పుంజు అక్కరలేదు. పిల్లలు కావలసినప్పుడే పుంజు అవసరము. ఆరు పెట్టలకు రెండు పుంజులను తెచ్చిన యెడల పెట్టల వీపున ఈకలు మిగులవు, పుంజులకు కలహము తప్పదు.

రకములు వేరైనను వయస్సు ఒక్కటే ఉండవలెను. రెండు నెలల పిల్లలను ఎదిగిన పెట్టలలో విడువరాదు. ఒకరోజు పిల్లలకు మొదటి వారము 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనము ఇచ్చి, వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. అది క్రొత్తవారికి కష్టమైన పని. కావున వెచ్చదనపు అవసరము తీరిన ఆరు, ఎనిమిది వారముల పిల్లలను, అన్నిటిని ఒకేసారి, నమ్మకమైన ఒకే చోట కొనుట మేలు.

అసలు భయము

ఇప్పుడు తెగులు మాట. కొక్కెర తెగులును రాణిఖేత్ వ్యాధి అని కూడ అందురు. 1927లో మన దేశమున హిమాలయ ప్రాంతపు రాణిఖేత్ పట్టణమున గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది. ఆకుపచ్చని పారుడు, నోరు తెరచి రొప్పుట, మెడ వంకరపోవుట దాని గుర్తులు. దీనికి మందు లేదు, టీకా ఉన్నది. టీకా లేని గూటిలో ప్రవేశించిన కొద్ది దినములలోనే దాదాపు అన్నిటిని తీసికొనిపోగలదు.

ఇది పలు రకముల గుంపునకు మరింత ప్రమాదమగుటకు కారణము కోళ్ళ రంగు కాదు, వాటిని సేకరించు తీరు. ఒకటి ఈ సంతలో, ఒకటి ఆ చుట్టము ఇంట, ఒకటి పండుగకు తెచ్చినది, ఈ విధముగా కూర్చినప్పుడు నాలుగు చోట్ల తెగుళ్ళు ఒక గూటిలో చేరును. క్రొత్త కోడిని రాత్రివేళ గంపలో చేర్చిన తెల్లవారునప్పటికి కలిసిపోవునని మన పెద్దలు చెప్పుదురు. పోట్లాట తగ్గుటకు అది కొంత పనిచేయును. కాని తెగులు విషయములో ఆ రాత్రియే ముప్పు. ఈ వ్యాధి సోకిన పిదప సాధారణముగా 5, 6 దినములలో బయటపడును, ఒక్కొక్కప్పుడు 15 దినములు కూడ పట్టును. కనుక క్రొత్తగా వచ్చినదానిని కనీసము మూడు వారములు, వీలున్న నెల, దూరముగా వేరే గంపలో నుంచుడు. దాని మేత గిన్నె వేరు, నీటి గిన్నె వేరు. ముందు పాత కోళ్ళను చూచి, తరువాతనే దానిని చూడుడు. ఆ గడువు ముగిసిన పిమ్మట వారము దినములు వలతడిక చాటున ఒకదానికొకటి కనబడునట్లు ఉంచి కలుపుడు.

టీకాల క్రమము సాధారణముగా ఇది. పొదిగిన నాడే మారెక్స్ టీకా, అది పిల్లల కేంద్రములోనే వేయుదురు. 5 నుండి 7 దినములలో కంటిలో లసోటా చుక్క, నాలుగవ వారమున మరల లసోటా, ఎనిమిదవ వారమున ఆర్‌2బి సూదిమందు. ఆ తరువాత మరల ఎప్పుడెప్పుడు వేయవలెనో మీ పశువైద్యుని అడుగుడు. పిల్లలను కొనునప్పుడు ఏయే టీకాలు వేసినారో తేదీలతో వ్రాయించుకొనుడు. వ్రాసి ఈయని చోట కొనకుడు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆర్‌2బి టీకా 100 మోతాదుల సీసాలలో వచ్చును. కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయవలెను. ఆరు కోళ్ళకు ఎవరు సీసా తెరచుదురు? ఈ ఒక్క కారణముచేతనే పెరటికోళ్ళు టీకా లేక పోవుచున్నవి. దీనికి ఉపాయము మీ చేతిలోనే ఉన్నది. వీధిలో కోళ్ళున్న ఇండ్లవారందరు కలిసి ఒక దినము నిర్ణయించుకొని, పశువైద్యశాలకు ముందుగా తెలిపి, మంచుగడ్డలో సీసా తెప్పించి, ఒకే ఉదయమున అన్నిటికి వేయించుడు. మీ పొరుగువారి కోళ్ళకు టీకా లేనంతవరకు మీ వీధిలో తెగులునకు చోటు ఉండియే తీరును.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ళఫారములలో బర్డ్ ఫ్లూ బయటపడినది. అటువంటి వార్త విన్నప్పుడు క్రొత్త కోళ్ళు కొనరాదు, మీ కోళ్ళను బయట తిరుగనీయరాదు. ఒక్కసారిగా కోళ్ళు చనిపోయినచో పశువైద్యునకు తెలుపవలెను. చచ్చినదానిని కాలువలో పారవేయక, ముట్టుకొనిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. తెగులు వచ్చిన గూటిలో మిగిలినవాటిని "పోకముందే అమ్మివేయుదము" అని సంతకు పంపుట మరియొకరి ఇంటికి నిప్పు పంపుటయే. ఆ కోడిని కొనువాడు కూడ పిల్లలకు ముచ్చటయని తీసికొనిపోవచ్చును.

పొలము నుండి వచ్చు విషము

ఇది నా శాస్త్రమునకు సంబంధించిన మాట. విత్తనశుద్ధి చేసిన గింజలు మిగిలినప్పుడు కోళ్ళకు చల్లకుడు. గుళికల మందు చల్లిన మడి దాపునకు పోనీయకుడు. కోడికి పండ్లు లేవు, మేత నలుగుటకు ఇసుకరాళ్ళు మ్రింగును. గుళికను కూడ ఇసుకరాయి అనుకొని మ్రింగును. మందు కొట్టిన ఆకుకూరల మడి, కడిగిన స్ప్రేయరు నీరు, ఇవియు అంతే. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుశనగ పిండి "కోళ్ళకు పనికివచ్చును" అని ఉంచుదురు. ఆ బూజులో పుట్టు విషము కోడి కాలేయమును పాడుచేయును. పారబోసిన ఊరగాయ కూడ ప్రమాదమే, అధికమైన ఉప్పు కోడికి విషము.

మొదటి పదిహేను దినములు

కోడి రాకముందే గూడు సిద్ధము కావలెను. ఆరింటికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలును. నేలకు రెండడుగుల ఎత్తున ఉండి, ముంగిసయు పామును దూరలేని సన్నని వలతో, లోపల దండెముతో ఉండవలెను. వనరాజా వంటి బరువైనవాటికి దండెము ఎత్తు తక్కువగా నుండవలెను. నాలుగైదు పెట్టలకు గడ్డి పరచిన కుండ గాని, బుట్ట గాని ఒకటి గ్రుడ్లకు అమర్చుడు.

మొదటి మూడు నాలుగు దినములు బయటకు విడువకుడు. ఇల్లు ఏదో వాటికి తెలియవలెను. తరువాత సూర్యాస్తమయమునకు గంట ముందు విడుచుడు. చీకటి పడగానే అవియే గూటికి చేరును. లెక్కించి తలుపు వేయుడు. ఈ లెక్క పని పిల్లలకు అప్పగింపవచ్చును.

కట్టివేసి పెంచిన పెట్టకు దినమునకు 110, 120 గ్రాముల మేత కావలెను. తిరిగి ఏరుకొను చోటున్న అందులో సగము వరకు మీరు వేసిన చాలును. నూకలు, జొన్నలు, తవుడు మాత్రమే చాలవు, వేరుశనగ పిండియో, గ్రుడ్లకోళ్ళ దాణాయో కలుపవలెను. గ్రుడ్లు పెట్టు కాలమున ఆల్చిప్పల పొడి వేరే మూకుడులో ఉంచుడు. వేసవిలో నీడయు, చల్లని నీరును మేతకన్న ముఖ్యము.

కొన్నిటిని చూచి కంగారుపడకుడు. ఎండలో మట్టిలో పడి పొర్లుచు, కాళ్ళు చాచి, కన్నులు మూసి యున్న పెట్ట చావనున్నది కాదు, స్నానము చేయుచున్నది. ఆ మట్టిలో కొంత బూడిద కలిపిన పేలు తగ్గును. తొలి గ్రుడ్లు చిన్నవిగాను, ఒకటి రెండు పెంకు లేకయు రావచ్చును. ఏడాదికొకసారి ఈకలు రాల్చి గ్రుడ్లు మానును, మరల పెట్టును. కాని గుంపునకు దూరముగా, ఈకలు ఉబ్బించి, కన్నులు మూసికొని, మేతకు రాని కోడిని చూచిన వెంటనే వేరుచేసి వైద్యునకు చూపుడు. కోడి తన జబ్బును చాలవరకు దాచును. అది బయటపడినదన్న ఆలస్యమైనదనియే తలంపవలెను.

సోదరులారా, ఇన్ని చెప్పినది మిమ్ము వెనుకకు లాగుటకు కాదు. చేయవలసిన పని లెక్కకు చిన్నదే: ముందు గూడు, తరువాత వీధివారితో టీకా మాట, ఆ తరువాత ఒకే వయస్సున్న ఆరు పిల్లలు. ఈ వరుస తప్పకుండ నడచినచో మిగిలిన పెద్ద చిన్న వరుసను కోళ్ళే తేల్చుకొనును. ఈ వారము మీ వీధిలో ఎవరెవరి ఇంట కోళ్ళున్నవో ఒక కాగితముపై వ్రాసి మీ పశువైద్యశాలకు పోయి రండు. అంతవరకు పిల్లలను కొంచెము ఓపిక పట్టుమని చెప్పుడు.